పిచ్చర్ పక్కన మాట్లాడుకున్న మాటలు

సాఫ్ట్‌బాల్ టీమ్‌లో చేరిన మొదటి సాయంత్రం, బంతి వేసే పిచ్చర్ ముసలాయన నన్ను కిందనుంచి పైదాకా చూసి సైగలు రాని నాక్కూడా తెలిసేలా చేతుల్తో అడిగిన మొదటి ప్రశ్న ఇది: "నీ పొట్ట ఎందుకంత ముందుకొచ్చింది? మీ ఆవిడ బాగా వండుతుందా, నువ్వసలు పనేమీ చెయ్యవా?" ఇంకా పలకరింపులు కూడా అవలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వలేదు. నిజంగానే జవాబు కోసం చూస్తున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కెనడా వచ్చాక ఒక మనిషి నాతో తిన్నగా మాట్లాడ్డం అదే మొదలు.

నేను చెవిటోణ్ణి. పుట్టుచెవుడు కాదు. కాకినాడలో ఆరో తరగతిలో ఉండగా జ్వరం వచ్చింది, పోతూ పోతూ వినికిడిని వెంటబెట్టుకు పోయింది. మాస్టారు ఏదో అడిగారు, నేను పళ్ళికిలించాను, బెత్తం విరిగింది. మర్నాటినుంచి బడి ఎగ్గొట్టినవాణ్ణి ఇప్పటిదాకా వెళ్ళలేదు. తెలుగు మాత్రం నోట్లో ఉండిపోయింది, నోరేమో ఊరుకోదు. మా ఆవిడ ఇక్కడ ముసలివాళ్ళ హోమ్‌లో నర్సు. ఆవిడ స్పాన్సర్ చేస్తే ఓక్‌విల్ వచ్చి, కార్ల ప్లాంటుకి సీట్లు పంపే చోట పనిలో చేరాను.

ఆదివారం చర్చి అయ్యాక తెలుగువాళ్ళ ఇళ్ళలో భోజనాలు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటారు. "ఏంటి బ్రదర్, ఏమన్నారు?" అంటాను. "ఏం లేదు బ్రదర్, తర్వాత చెప్తాలే" అని నాకు తెలిసేలా పెదాలు కదిపి, పకోడీల ప్లేటు నావైపు జరుపుతారు. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. పకోడీలు మాత్రం తెగ తిన్నాను. ముసలాయన అడిగిన పొట్ట అదే.

మా టీమ్ అంతా చెవిటోళ్ళే. వారానికో సాయంత్రం వినేవాళ్ళ టీములతో ఆట. ఆడేది సాఫ్ట్‌బాల్. బేస్‌బాల్‌కి చెల్లెలనుకోండి. బంతి కాస్త లావు, పిచ్చర్ దాన్ని కిందనుంచి గాల్లోకి ఎత్తి వేస్తాడు. నేను కాకినాడ సందుల్లో క్రికెట్ ఆడినవాణ్ణి. ఇందులో కొట్టగానే బ్యాటు అక్కడే పడేసి, బేస్ అనే దిండుదాకా ఉత్తచేతుల్తో పరిగెత్తాలని తెలీదు. మొదటిసారి బంతి తగలగానే బ్యాటు పట్టుకుని పరిగెత్తి, బేస్ దగ్గర దాన్ని నేలకి ఆనించి గర్వంగా నిలబడ్డాను. మా కెప్టెన్ ఒకావిడ, ఆవిడే క్యాచర్, అంటే మన వికెట్ కీపర్. నడుమ్మీద చేతులు పెట్టుకుని నన్ను చూసి, తర్వాత చేతులు తీసి అంది: "ఆ కట్టె ఇంటికి పట్టుకెళ్తావా? మీ పొయ్యిలోకి చాలదు, ఇంకోటి ఇవ్వనా?"

మాలో మర్యాదంటే ఇదే. ఉన్నమాట మొహం మీద అనాలి. లావయితే లావయ్యావని, బట్టతల వస్తే వస్తోందని. చాటుగా అనడం వినేవాళ్ళ పని. ఇది నాకు నేర్పింది ముసలాయనే. సైగలు కూడా ఆయనే నేర్పాడు, నా వేళ్ళు పట్టుకుని వంచి, తప్పు చేస్తే మెటికల మీద కొట్టి.

ఆయనకి కళ్ళ జబ్బు. పుట్టుచెవుడు ఉన్నవాళ్ళలో కొందరికి అది కూడా తోడొస్తుందట. చూపు రెండు పక్కలనుంచీ మూసుకుంటూ వచ్చి, చివరికి గొట్టంలోంచి చూసినట్టు మిగులుతుంది. ఆ వసంతంలో ఆయన డ్రైవింగ్ లైసెన్స్ పోయింది. ఉద్యోగం అంతకుముందే అయిపోయింది, భార్య పోయి చాలా కాలం. నేనే కారులో ఆటకి తీసుకొచ్చేవాణ్ణి. ఒకసారి ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు నావైపు పూర్తిగా తిరిగి చెప్పాడు: "పిచ్చర్ చోటు ఒక్కటే ఉంది నాకు. అదీ తీసేస్తే ఇంట్లో గోడతో మాట్లాడుకోవాలి. గోడకి చేతుల్లేవు." పచ్చలైటు పడింది. వెనకవాడు హారన్ కొట్టే ఉంటాడు. ఇద్దరికీ పట్టలేదు.

పిచ్చర్ బ్యాటుకి ఎదురుగా, దగ్గరగా నిలబడాలి. పక్కకొచ్చిన బంతి కనపడనివాడు అక్కడ నిలబడితే దవడ పగులుతుంది. మా అందరికీ తెలుసు. ఒక్కరం చెప్పలేదు. పొట్టల గురించీ బట్టతలల గురించీ అంత ధారాళంగా మాట్లాడే మా చేతులు ఈ ఒక్కమాట దగ్గర బిగుసుకుపోయాయి. మొహం మీద అనలేక, మొహం పక్కన అనుకోవడం మొదలుపెట్టాం. ఆయన బెంచీ మీద కూర్చుంటే ఇటూ అటూ మేం, మధ్యలో ఆయన. ఆయన చెవి పక్కనే మా చేతులు. "ఇవాళ బంతి పట్టాడా?" "బంతే ఆయన్ని పట్టుకుంది." ఆయన తల తిప్పగానే చేతులు జుట్టు గోక్కునేవి.

"ఏంటి?" అనేవాడు.

"ఏం లేదు. దోమ."

అందులో నా వాటా పెద్దదే. అనుకరించడంలో నన్ను మించినవాడు లేడు. బంతి పక్కనుంచి వెళ్ళిపోయాక గాల్లో దాన్ని తడిమే ముసలాయన, ఎదుటివాడు చేయి చాస్తే కనపడక మొహం చూసి నవ్వే ముసలాయన, అన్నీ వేసేవాణ్ణి. బాగా వచ్చేవి కూడా.

జూలైలో ఒక సాయంత్రం ప్లంబర్ల టీమ్‌తో ఆట. ఏడింట్లో రెండో ఇన్నింగ్స్‌కల్లా వాళ్ళు కనిపెట్టేశారు. ప్రతివాడూ ఆయన ఎడమ పక్కకే కొట్టడం మొదలుపెట్టాడు. బేస్ మీదున్న ఒకడికి ఇంకా అనుమానం తీరలేదు కాబోలు, నడుచుకుంటూ వచ్చి ఆయన చెవి పక్కన అరచేయి ఆడించాడు. ముసలాయన బంతిని తుడుచుకుంటూనే ఉన్నాడు. వాళ్ళ బెంచీ బెంచీ మెలికలు తిరిగింది. నేను ఫస్ట్ బేస్‌నుంచి మా వాళ్ళని చూశాను. మా వాళ్ళు కూడా నవ్వుతున్నారు.

మా బ్యాటింగ్ వచ్చింది. ముసలాయన బెంచీ చివర కూర్చుని, వంగి, బూట్లకున్న మట్టి పుల్లతో తీస్తున్నాడు. మేం వెనక కంచెకి ఆనుకుని నిలబడ్డాం. నేను కొత్తది మొదలుపెట్టాను: ముసలాయన చెవి పక్కన చేయి ఆడుతుంటే, ఆయన బంతిని ముద్దుగా తుడుచుకోవడం. కెప్టెన్ కళ్ళు తుడుచుకుంటోంది. ఇంకొకడు కంచె పట్టుకుని వేలాడుతున్నాడు.

మా ఇళ్ళల్లో ఎవరూ కిటికీకి వీపు పెట్టి కూర్చోరు. వెలుగు వెనకుంటే చేతులు నల్లబడి మాట కనపడదు, అందుకని గదిలోకి రాగానే ముందు వెలుగెటుందో చూస్తాం. ఆ రోజు చూసుకోలేదు. పొద్దు వాలి సరిగ్గా మా వీపుల మీదుంది. మా నీడలు బెంచీ దాటి, ముసలాయన బూట్ల ముందు మట్టిమీద బారుగా పడి ఉన్నాయి. నా చేతులు, నా మెడ, నేను ముద్దుచేసిన బంతి, అన్నీ ఆయన గొట్టం మధ్యలో.

పుల్ల ఆగింది. ఆయన కాసేపు నేలనే చూశాడు. నా నీడ ఇంకా ఆడుతూనే ఉంది, ఎందుకంటే నేనింకా ఆపలేదు. తర్వాత లేచి, శరీరమంతా తిప్పి మమ్మల్ని ఒక్కొక్కరినే వెతుక్కున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

నేనే చెప్పాను. "మంచు కరిగిన దగ్గర్నుంచి."

ఆయన చూపుడువేలు నుదుటి ముందు గుండ్రంగా తిప్పాడు. అదే వేలు పెదాల ముందు తిప్పితే వినేవాడు అని అర్థం. నుదుటి ముందు తిప్పితే, బుర్రలో వినేవాడివైపోయావని. మాలో దానికన్నా పెద్ద బూతు లేదు. అందరినీ కలిపి అన్నాడు, మళ్ళీ నన్ను విడిగా అన్నాడు.

"ఎదురుగా వచ్చి వెయ్యి," అన్నాడు.

"ఏం వెయ్యను?"

"ఇప్పుడేసిందే."

వెళ్ళి ఎదురుగా నిలబడి వేశాను. మొదటినుంచి చివరిదాకా. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముసలాయన అంతా చూసి, నా గడ్డం పట్టుకుని మెడని కొంచెం కిందకి వంచాడు. "నా మెడ ఇంత పైకి ఉండదు. చూడ్డం కూడా రాదు నీకు." తర్వాత కెప్టెన్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. నీ పని అది."

ఆవిడ చెప్పింది. ఏడుపు లేదు, తేనె లేదు. "నీకు పక్కలు కనపడవు. బంతి ఇంక నీకివ్వను. ఇవాళే కాదు, ఎప్పుడూ."

"ఎవరికిస్తావ్?"

ఆవిడ నావైపు వేలు పెట్టింది. ముసలాయన నా పొట్ట చూశాడు. "బంతి తగిలినా దెబ్బ తెలీదులే," అన్నాడు.

అలా నేను పిచ్చర్నయ్యాను. ఆయన బెంచీ మీద కూర్చోలేదు. క్యాచర్ వెనకున్న వలదాకా నడిచి, సరిగ్గా నాకు ఎదురుగా నిలబడ్డాడు. ఆ చూపులో నేనొక్కణ్ణే పడతాను. మొదలుపెట్టాడు: "అది చెయ్యా, అప్పడాల కర్రా? బడి మానేసినట్టు ఇదీ మానెయ్. ఆ ప్లంబర్‌ని చూడు, నిన్ను చూసి జాలిపడుతున్నాడు." నేను వేసిన బంతి బ్యాటు ఛాయలకే పోలేదు. తర్వాతది పోయింది, దాన్ని వాడు కంచె అవతలికి కొట్టాడు. "చూశావా? నాకే కనపడింది!"

నాకు జవాబులు పుట్టుకొస్తున్నాయి. ఒక్కొక్కటి ఆయన్ని అక్కడే కూలేసేవి. కానీ ఒక చేతికి గ్లవ్, ఒక చేతిలో బంతి. పిచ్చర్ నోరు కట్టేసి ఉంటుందని అక్కడ నిలబడేదాకా నాకు తెలీలేదు. తల తిప్పుకుంటే సరిపోతుంది. కాకపోతే మాలో ఎదుటివాడు మాట్లాడుతుంటే చూపు తిప్పుకోవడమంటే వాడి మొహాన తలుపేసినట్టు.

బంతి వెయ్యమని అంపైర్ చెయ్యి ఊపాడు. వెయ్యలేదు. మళ్ళీ ఊపాడు. ముసలాయన తన మాట ఇంకా పూర్తిచెయ్యలేదు.