మల్కాజ్‌గిరిలో ఆగిన బండి

నెలకు ఇరవై రోజులు టూర్లలోనే ఉంటాను. తిరుగు ప్రయాణంలో ఎప్పుడూ ఎడమ వైపు కిటికీయే తీసుకుంటాను. సికింద్రాబాద్‌కు ముందు మల్కాజ్‌గిరిలో ఆ వైపు మా డాబా కనిపిస్తుంది.

ఈ రోజు పొద్దున బండి సరిగ్గా అక్కడే ఆగింది. సిగ్నల్ లేదట. ఇల్లు కళ్లెదుటే ఉంది కానీ, సామాను మోసుకుని పట్టాల మీద దిగే ఓపిక నాకు లేదు. విసుగ్గా మా ఆవిడకు ఫోన్ చేశాను. డాబా మీద బట్టలు ఆరేస్తోంది.

“మీ బండే గదా అది? జెర డోరు కాడికొచ్చి చెయ్యి ఊపుండ్రి.”

“ఊపుతున్న. కనబడుతున్ననా?”

“కనబడుతుండ్రు. మస్తు చిక్కిండ్రు.”

అంత దూరం నుంచి అదెలా తెలిసిందో మరి. అరగంట సేపు ఆమె నీళ్ల మోటారు సంగతి చెబుతూ ఉంటే, నేను సిగ్నల్‌ను తిడుతూ కూర్చున్నాను.

సికింద్రాబాద్‌లో దిగి ఆటోలో ఇల్లు చేరేసరికి తలుపుకు తాళం. ఆమె డ్యూటీకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్, రేపు పొద్దున్నే నిజామాబాద్‌లో ఉండాలట.

ఇది మళ్లీ సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద కూర్చుని రాస్తున్నాను. ఆమె ఇప్పుడే ఇల్లు చేరింది. డాబా మీద లైటు వేయమన్నాను. ఈసారి కుడి వైపు కిటికీ తీసుకున్నాను. మల్కాజ్‌గిరిలో సిగ్నల్ దొరక్కూడదని కోరుకుంటున్నాను. ఇదే బండిలో మీరెవరైనా ఉంటే క్షమించండి.