గోరింటాకు ఆరని చేయి

మొరాకోలోని ఫెస్ నగరంలో పెళ్లికూతుళ్లకు గోరింటాకు పెట్టే బతూల్ చేయి ఎంత నెమ్మదో, నోరు అంత దూకుడు. మెదడు మీద పరిశోధన చేసే విదాద్ ఆమె చేతుల్లో ఒకదాన్ని తెర వెనక దాచి, ఎదురుగా రబ్బరు చేయి పెట్టి, రెంటి వేలికొసలనూ ఒకేసారి కుంచెలతో నిమిరింది.

"లల్లా బతూల్, ఈ రబ్బరు చేయి నీదే అనిపిస్తోందా?"

"బోసి చేయి నాదెట్లా అవుతుందే పిచ్చిదానా! ఇలా తే."

బతూల్ సంచిలోంచి గోరింటాకు తీసి, పోయిన వారం తన చేతికి వేసుకున్న ముగ్గే దానికీ వేసింది. కుంచెలు మళ్లీ కదిలాయి. కాసేపటికి ఆమె రబ్బరు చేతిని తన చేతిలాగే మురిపెంగా చూసుకోసాగింది. అదను చూసి విదాద్ రబ్బరు చేతి మీదికి సుత్తి ఎత్తింది.

బతూల్ తెర వెనకున్న చేతిని చటుక్కున లాక్కుంది.

"నీ చేతులు పడిపోను! ఇంకా ఆరలేదే!"

అంటూ, ఎప్పుడో ఎర్రగా పండిన ఆ చేతిని ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంది.