మూసుకోని షట్టర్

జనవరిలో పొగమంచు విడిచి కాస్త ఎండ కాసిన ఒక ఉదయం, ద్వారకలో మా ఫ్లాట్ బాల్కనీలో నాన్న నన్ను నిలబెట్టి ఫోటో తీశాడు. చేతిలో ఉన్నది తన పెళ్ళికి ముందు కొనుక్కున్న జపాన్ ఫిల్మ్ కెమెరా. బటన్ నొక్కాడు, చిన్న చప్పుడైంది, తృప్తిగా తలెత్తాడు. కానీ ఎదురుగా ఉన్న నాకు లెన్సు లోపల నల్లటి రేకులు విచ్చుకోవడం కనిపించింది గానీ మూసుకోవడం కనిపించలేదు. మధ్యలో కందిగింజంత కన్నం అలాగే ఉండిపోయింది.

"నాన్నా, అది మూసుకోలేదు."

"ఏది?"

"షట్టరు. తెరిచే ఉంది చూడు."

నాన్న కెమెరా తిప్పి చూసుకున్నాడు. మరుక్షణం అరచెయ్యి లెన్సుకి అడ్డం పెట్టేశాడు. కాఫీ చల్లారిపోతున్నా ఆ చెయ్యి తియ్యలేదు.

ఆ రీలులో అమ్మ ఉంది. అమ్మ వానాకాలంలో పోయింది. అంతకు ముందు వేసవిలో నాన్న ఆమెను తీసిన ఆఖరి ఫోటోలు ఇందులోనే ఉన్నాయి. నా ఫోన్లో అమ్మ ఫోటోలు లేవా అంటే బోలెడున్నాయి. అన్నిట్లోనూ "చాల్లేవే" అంటూ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది. నాన్న కెమెరా ముందు మాత్రం కొంగు సర్దుకుని బుద్ధిగా కూర్చునేది. ఆమె పోయాక ఆయన ఆ కెమెరాను బీరువాలో పెట్టేశాడు. ఇన్నాళ్ళకి తనే తీసి, "మిగిలిన నాలుగూ లాగించేసి కడిగిద్దాం అమ్మాయ్" అన్నాడు. అంతలో ఇలా జరిగింది.

ఆ కెమెరాలో షట్టరు లెన్సు మధ్యలోనే ఉంటుంది. కాగితమంత పలచటి ఉక్కు రేకులు గుండ్రంగా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. బటన్ నొక్కితే రెప్పపాటులో విచ్చుకుని మూసుకుంటాయి. ఫిల్ముకీ బయటి వెలుగుకీ మధ్య ఉన్న తలుపు అదొక్కటే. ఇదంతా నాకు చిన్నప్పుడే కంఠతా వచ్చేసింది. కాకినాడలో సాయంత్రం కరెంటు పోయిందంటే చాలు, నాన్న ఈ పాఠమే మొదలెట్టేవాడు. జపాన్ వాళ్ళు మొదట జర్మనీ షట్టర్లను చూసి నేర్చుకున్నారట. తర్వాత చేతిగడియారాలు చేసే కంపెనీలు కూడా ఈ పనిలోకి దిగాయట. లోపల ఉన్నవి అవే పళ్ళచక్రాలు, అవే స్ప్రింగులు మరి. కెమెరా మీద ఎవరి పేరున్నా, లోపలి షట్టరు మాత్రం చాలావరకు ఆ కొద్దిమంది దగ్గర కొన్నదేనట. ఆ తర్వాత లెన్సులు మార్చుకునే కెమెరాలూ, వాటిలో తెరలా జారే షట్టర్లూ, బ్యాటరీలూ వచ్చి వీటి రోజులు చెల్లిపోయాయట. "పక్కలో పసిపిల్ల ఉన్నా లేవదు, అంత మెత్తని చప్పుడు," అని నాన్న ముక్తాయించేసరికి అమ్మ వంటింట్లోంచి, "ఆ మెత్తని చప్పుడు విన్నది చాలు, అన్నానికి రండి" అని కేకేసేది.

నాన్న గర్వానికి తగ్గట్టే పోయిన వేసవిలో ఇంకో వింత జరిగింది. షట్టరు ఒకసారి మొరాయించింది. నాన్న దిగాలుపడి దాన్ని బల్ల మీద వదిలేస్తే, రెండ్రోజుల్లో దానంతట అదే బాగైపోయింది. "చూశావా, జపాన్ వాడి పనితనం! తనకు తానే సర్దుకుంది," అని మురిసిపోయాడు. బాల్కనీలో కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మ తలెత్తకుండానే, "అవునవును, గొప్ప పనితనమే" అంది.

ఇప్పుడు అదే పనితనం మమ్మల్ని నట్టేట ముంచేలా ఉంది. నన్ను తీసిన ఫోటో ఎలాగూ పోయింది, దాని గురించి ఎవరికీ దిగుల్లేదు. అప్పటిదాకా తీసిన ఫిల్మంతా లోపల రెండో పక్క చుట్టుకుని భద్రంగానే ఉంది. కానీ బయటికి తియ్యాలంటే దాన్ని వెనక్కి, దాని డబ్బాలోకి చుట్టాలి. అలా చుడుతున్నప్పుడు అమ్మ ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా ఆ కన్నం ముందు నుంచే పోవాలి. కాస్త వెలుగు పడినా చాలు, అమ్మ మొహం మీదుగా తెల్లటి చార. చెడు ఊహించడంలో నాకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. ఆ చారలన్నీ అప్పుడే కళ్ళముందు కనబడిపోయాయి.

లెన్సు మూత ఎప్పుడో పోయింది. కర్టెన్లు వేసి, లెన్సుకి నా నల్ల సాక్సు తొడిగి, మంచం మీద పెద్ద రజాయి పరిచాం. నాన్న దాని కింద చేతులు దూర్చి కెమెరా పట్టుకున్నాడు. నేను అంచులు నొక్కిపట్టుకుని కూర్చున్నాను. చుట్టే ముందు నాన్న ఆగి, "ఇందులో అంకె ఒకటి ఎక్కువుంది," అన్నాడు.

"ఏ అంకె?"

"ఎన్ని ఫోటోలయ్యాయో చూపించే అంకె. ఇందాక చూశాను. నేను తీసినవి ఇన్ని కావు. మీ అమ్మ మెట్రోలో, పార్కులో నేరేడుపళ్ళు తింటూ, మిషను దగ్గర..." అని ఒక్కొక్కటీ అప్పజెప్పాడు. "నువ్వెంతైనా చెప్పు, ఒకటి ఎక్కువే."

"మర్చిపోయుంటావులే నాన్నా."

"నేనా?"

ఆ ఒక్క మాటతో నాకు ఇంకో భయం పట్టుకుంది. క్రితం వారం గ్యాస్ కట్టేశానని చెప్పాడు గానీ కట్టలేదు. పై ఫ్లోర్ ఆంటీని పేరు మార్చి పిలిచాడు. ఇవన్నీ ఒక వరసలో పెట్టుకుంటుంటే రజాయి కింద నాన్న తిప్పుతున్న కెమెరా మీట కీచుమంది. "అమ్మ ఉంటే దీనికీ ఓ చుక్క నూనె వేసేది," అన్నాను, మాట మార్చడానికి. మా ఇంట్లో కిర్రుమన్న ప్రతిదానికీ, తలుపు బందు దగ్గర్నుంచి నా ఆఫీసు కుర్చీ దాకా, అమ్మ తన కుట్టుమిషను నూనె వేసేది.

"కెమెరాకి నూనా? ముట్టుకోనిస్తానా!" అన్నాడు నాన్న. మీట తేలికైంది. ఫిల్ము డబ్బాలోకి చేరినట్టుంది. చేరినా, వెలుగు తగలకుండా చేరిందో లేదో కడిగితే గానీ తెలియదు.

మర్నాడు మెట్రో మారి చాందినీ చౌక్ పక్క కెమెరాల గల్లీకి వెళ్ళాం. అక్కడ పాత కెమెరాలు బాగుచేసే భయ్యా ఒకడున్నాడు. ఫిల్ము కూడా తనే కడిగిస్తానన్నాడు. కెమెరా ముందు భాగం విప్పి, దీపం కింద పెట్టి పెదవి విరిచాడు.

"అంకుల్ జీ, ఇస్‌మే కిసీనే తేల్ డాలా హై."

నూనె పోశారట. ఈ రేకులు పొడిగా ఉండాలని, నూనె ఎండాకాలంలో నడిపించినా చలికి జిగురుగా మారి పట్టేస్తుందని హిందీలో చెప్పాడు. నిజంగానే రేకుల మీద ఏదో మెరుస్తోంది.

నాన్న మొహం ఎర్రబడింది. "మైనే నహీ డాలా! కభీ నహీ!" అని అరిచి, నావైపు తిరిగి, "వీడు నాకు చెప్పొచ్చాడే! ఇన్నేళ్ళుగా కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాను. నువ్వు చెప్పవే" అన్నాడు.

ఆయనే వేసి మర్చిపోయాడని నాకు నమ్మకం కుదిరిపోయింది. అంకె, గ్యాస్, ఇప్పుడు నూనె. శుభ్రం చెయ్యమంటారా అని భయ్యా అడిగితే నాన్న, "ముందు ఫోటోలు రానీ, తర్వాత చూద్దాం" అని విసురుగా బయటికి నడిచాడు. కెమెరా అలా విప్పినట్టే ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉండిపోయింది.

ఫోటోలు వచ్చాయని ఫోనొచ్చేదాకా నాకు సరిగ్గా నిద్ర లేదు. నాన్న గదిలో దగ్గు వినబడితే లేచి వెళ్ళి చూసేదాన్ని. గురుగ్రామ్ ఆఫీసు మీటింగులో కూర్చుని మతిమరుపు డాక్టర్ల పేర్లు వెతికేదాన్ని. ఫోటోలూ పోయి, వాటిని తీసిన మనిషి జ్ఞాపకమూ పోతే, అమ్మ ఇక ఎక్కడ మిగులుతుందని భయం వేసేది.

షాపులో కవరు నేనే విప్పాను. మెట్రో కిటికీ పక్కన అమ్మ. నేరేడుపళ్ళతో నీలంగా మారిన నాలుక బయటపెట్టి అమ్మ. మిషను దగ్గర అమ్మ. ఎక్కడా చార లేదు. నాన్న ఒక్కొక్కటీ అందుకుని, తను చెప్పిన వరసలోనే, బల్ల మీద పేర్చుకుంటూ పోయాడు. నాకు ఏడుపొచ్చేసింది.

కవర్లో ఇంకొకటి మిగిలింది. తెల్లగా వెలిసినట్టు, వంకరగా, మసకగా ఉంది. మా బాల్కనీ. వాలుకుర్చీలో నోరు తెరుచుకుని, గుండెల మీద పేపరుతో, నాన్న నిద్రపోతున్నాడు. ఫోటో మూలన కుట్టుమిషను బల్ల అంచు, దాని మీద పొడుగు ముక్కు నూనె డబ్బా.

ఇంట్లో నాన్న ఫోటో అంటూ ఆ కెమెరాతో తీసింది ఒక్కటీ లేదు. ఎప్పుడూ తీసేవాడు ఆయనే. అమ్మ నూనె వేసి, పనిచేస్తోందో లేదో చూద్దామని ఎదురుగా ఉన్నదాన్ని తీసేసింది. ఆయన్ని లేపలేదు. తర్వాత ఆయన జపాన్ వాణ్ణి పొగుడుతుంటే కాదనలేదు.

"ఒకటి ఎక్కువుందన్నానా లేదా," అన్నాడు నాన్న. "నోరు తెరుచుకుని పడుకున్నప్పుడా తీసేది... లేపితే తల దువ్వుకునేవాణ్ణి కదా."

"నీ మాట నమ్మలేదు నాన్నా," అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. భయ్యా కెమెరా ఉన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, ఇక నూనె కడిగెయ్యనా అని అడిగాడు. నాన్న "రుకో" అని ఆపి, వంగి, చూపుడువేలితో ఆ రేకుల్ని మెల్లగా తాకాడు. వేలి కొసకి నూనె అంటింది. దాన్ని బొటనవేలితో ఒకసారి రాసి చూసుకుని, "ఇప్పుడు తుడిచెయ్" అన్నాడు తెలుగులోనే. భయ్యాకి అర్థమైంది.

మెట్రోలో చెయ్యి తుడుచుకోమని రుమాలిచ్చాను. తీసుకోలేదు.