గుడి లేదని నేను నింపిన గడి

పోయినవి ముందు రాస్తాను. ఇళ్లు నలభై మూడు. నూతులు ఐదు. తాటిచెట్లు రెండు వందల పదహారు. జీడిమామిడి తొంభై. పశువుల శాలలు ఇరవై ఎనిమిది.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా ఊరి భూమి తీసుకున్నప్పుడు ఇవన్నీ ఫారాల్లోకి ఎక్కించింది నేనే. అయిదో తరగతితో చదువు ఆగిపోయినా, పోర్టులో బస్తాలు లెక్కపెడుతూ సొంతంగా లెక్కలు నేర్చుకున్నాను. అందుకే ఊరివాళ్లు నన్ను సర్వే గుమస్తా పక్కన కూర్చోబెట్టారు.

చివరి గడి గుడి గురించి. మా అమ్మవారు ఊరి బయట నేలలోంచి మోకాలెత్తున పొడుచుకొచ్చిన రాయి. ఏటా పండక్కి ఇంటికో ఘటం చొప్పున, పసుపు రాసి వేపమండలు కట్టిన నీళ్లకుండలు ఆడవాళ్లు నెత్తిన పెట్టుకెళ్లి ఆ రాయి ముందు దించేవారు.

"గుడుందేటి బావా?" అన్నాడు గుమస్తా.

"రాయుంది."

"రాయికి గడి లేదు. గోడలున్నాయా? కప్పుందా?"

"లేవు."

"మరింకేటి? రాసీ."

లేదు అని రాశాను. అబద్ధం రాయలేదన్న తృప్తి కూడా కలిగింది. ఇంటికొచ్చి చెబితే అమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది.

"అమ్మోరికి గోడలేట్రా? గోడల మజ్జన కూకుంటే ఊరికి కాపలా ఎవులు కాత్తారు?"

కొత్త కాలనీలో స్థలాలు పంచినప్పుడు గుడి ఉందని రాసుకున్న పక్క ఊళ్లకు గుడి స్థలం ఇచ్చారు. మాకు ఇవ్వలేదు. రాయి ఫ్యాక్టరీ ప్రహరీ గోడ లోపల ఉండిపోయింది. తవ్వి తెద్దామంటే అది ఎంత లోతు ఉందో ఎవరికీ తెలియదు. రాయి దగ్గరి పిడికెడు మట్టి తెచ్చి కొత్తచోట పెట్టుకుందామన్నా పెట్టే జాగా లేదు.

కొన్నేళ్లకు ద్వారకా నగర్‌లో ఒక రిటైరైన లెక్చరరు ఆదివారాలు ప్రపంచ మతాల మీద పరిచయ పాఠాలు చెబుతున్నారని తెలిసి వెళ్లాను. అలవాటుగా నోటుబుక్కులో గళ్లు గీశాను: స్థాపకుడు, గ్రంథం, గుడి. ఇస్లాం, క్రైస్తవం సులువుగా నిండాయి. హిందూమతం దగ్గర స్థాపకుడి గడి ఖాళీ, గ్రంథం గడిలో పేర్లు పట్టలేదు. యజ్ఞాల కాలంలో గుళ్లు కూడా లేవని, నిప్పు వెలిగించిన చోటే సరిపోయేదని ఆయన అన్నారు.

మూడో ఆదివారం అమెరికాలోని లకోటా జనం గురించి చెప్పారు. వాళ్లు మతాన్ని బతుకులోంచి విడదీసి చూడరట. మనిషి, అడవిదున్న, రాయి అందరూ చుట్టాలేనట. వాళ్లు పవిత్రంగా కొలిచే నల్లకొండలు పోయాయి. బదులుగా డబ్బిస్తామంటే, మాకు కొండలే కావాలని తీసుకోలేదట. నా పుస్తకంలో ఆ వరస మొత్తం ఖాళీగా ఉంది.

"మాస్టారూ, గుడి ఉందా అనడిగితే వాళ్లేం రాయాలండీ?" అన్నాను.

"ఆ గడి వాళ్లకోసం గీసింది కాదు కదండీ!" అని నవ్వారాయన. అందరూ నవ్వారు. నేను నోటుబుక్కు మూసేశాను.

మర్నాడు సెలవు పెట్టి, అమ్మవారికి జాగా అడగడానికి భూముల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమస్తా పాత ఫారం తీశాడు.

"ఈ సంతకం ఎవులిది?"

"నాదే."

"లేదని నువ్వే రాసి, ఉందని నువ్వే అంటే ఎలాగ బావా? అమ్మోరు ఈ మజ్జనే ఎలిసిందేటి?"

స్థలాల లెక్క ముగిసిపోయిందన్నాడు. మరో మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ అదే ఫారం, అదే సంతకం.

పండగనాడు అమ్మ ఇప్పటికీ కుండకు పసుపు రాస్తుంది. నెత్తిన పెట్టుకుని వీధిలోకి వస్తుంది. ఎటు వెళ్లాలో తెలియక నిలబడుతుంది. కాసేపటికి నేనే వెళ్లి అందుకుంటాను. మా వాళ్లు కొందరు పెందుర్తి వైపు, కొందరు భీమునిపట్నం వైపు చెదిరిపోయారు. చెదిరినా ఇంటి మొక్కు ఇంటిదే, ఘటం దించకపోతే అది తీరనట్టే అంటుంది అమ్మ.

ఇళ్లు నలభై మూడు. ఇప్పటికి తొమ్మిది పండగలు. అమ్మవారికి మేం బాకీపడ్డ ఘటాలు మూడు వందల ఎనభై ఏడు.