చప్పుడు లేని లాడ్జి

లాడ్జిలో దిగాడంటే ఆ మనిషికి చుట్టాలతో పడదని జనం అనుకునే కాలం అది. మా బోథ్ వైపు నుంచి ఎవరైనా నిర్మల్ వచ్చి రాత్రికి ఆగాల్సివస్తే, ఎంత దూరపు చుట్టం అరుగు మీదైనా నడుం వాల్చేవాడే గానీ లాడ్జి మెట్లెక్కేవాడు కాదు. ఇప్పటి పిల్లలు ఫోన్‌ను వేలితో గీకి, మంచం ఫొటో, కిటికీ ఫొటో చూసి, కూర్చున్నచోటే గది ఖాయం చేసుకుంటున్నారు. వాళ్లను చూస్తే నాకు కొంచెం అసూయ, కొంచెం జాలి. అసూయ ఎందుకో చెప్పక్కర్లేదు. జాలి ఎందుకంటే, నిర్మల్ కోటగోడల పక్కన పాతబస్తీలో ఒక్క లాడ్జి కోసం నేను చేసిన విన్యాసాలు చేసే భాగ్యం వాళ్లకు ఈ జన్మలో లేదు.

ఎనభైల మొదట్లో సంగతి. నేను నిర్మల్‌లో ఒక ఎరువుల దుకాణంలో కొత్తగా కుదిరి, మరో ఇద్దరితో కలిసి ఒకే గదిలో ఉంటున్నాను. (ఆ గదిలో ఒకడు పక్కకు తిరగాలంటే మిగతా ఇద్దరూ ఒప్పుకోవాలి.) బాపు, అవ్వ (నాన్ననూ అమ్మనూ మేం అట్లాగే పిలుస్తాం), అక్క బోథ్‌లో ఉండేవాళ్లు. అక్క ఇంటర్ పాసై ఊళ్లోనే చిన్నపిల్లలకు చదువు చెప్పేది. పెళ్లికొడుకుల ఫొటోలు చూపిస్తే బోర్లాపెట్టి లోపలికి పోయే మా అక్క, గోదావరి ఒడ్డు బొగ్గుగనుల కాలనీ నుంచి వచ్చిన ఒక పిల్లగాడి ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతుర్లో చూసి, ‘చూద్దాం’ అంది. మా ఇంట్లో ఆ మాటకు పండగొచ్చినంత సంబరపడ్డాం. పిల్లగాడు, అతని తల్లిదండ్రులు, మేనమామ చూపులకు వస్తామన్నారు. వాళ్ల బస్సు నిర్మల్ చేరేసరికి పొద్దుగూకుతుంది, బోథ్ బస్సు మళ్లీ తెల్లారాకే. నిర్మల్‌లో మా చుట్టాలింట్లో పడుకోమంటే ఒప్పుకోలేదు. మాట ఖాయం కాకముందు పిల్ల తరఫువాళ్ల ఇంట్లో కన్ను మూయకూడదని వాళ్ల పట్టింపు. అందుకని ఒక మంచి లాడ్జి చూడమని బాపు నాకు కబురంపాడు. మంచిదంటే ఏమిటో మాత్రం చెప్పలేదు.

అది అక్క చెప్పింది. ఎందుకంటే అంతకుముందు చూపుల దాకా వచ్చిన సంబంధం ఒకటే. ఆ పెళ్లికొడుకు తండ్రి బస్టాండు పక్కన లాడ్జిలో రాత్రంతా నల్లులతోనూ, బస్సుల హారన్లతోనూ జాగారం చేసి వచ్చాడు. వచ్చింది మొదలు చాయలో చక్కెర తక్కువన్నాడు, వాకిలి ఒక పక్కకు వాలిందన్నాడు, మా బర్రె తనను గుర్రుగా చూసిందన్నాడు. చివరికి పిల్ల ముఖంలో కళ లేదని చెప్పి పోయాడు. తర్వాత చాన్నాళ్లు అక్క అద్దం ముందు ఎక్కువసేపు నిలబడేది. ఈసారి నేను ఆదివారం ఇంటికి వెళ్తే, జొన్నలు చెరుగుతూ చేట ఆపి, నా వైపు తిరిగింది.

“వచ్చెటోళ్లను నువ్వు మంచిగ నిద్రపుచ్చు తమ్మీ. మిగిలింది నేను చూసుకుంట.”

ఇంకేముంది, నేను లాడ్జిల మీద పడ్డాను. చేతిలో టార్చిలైటు, మనసులో అక్క మాట. ఎక్కడికి పోయినా ముందు పరుపు ఎత్తి చూడటం, దిండు వాసన చూడటం, తర్వాత చెప్పులు విడిచి మంచమెక్కి కళ్లు మూసుకుని చెవులు రిక్కించడం. మొదటి లాడ్జి బాగానే ఉంది గానీ కింద చాయ హోటల్, పొద్దంతా కప్పులూ సాసర్లూ గొడవపడుతున్నాయి. రెండోది రైస్‌మిల్లు వెనక, మంచమే వణుకుతోంది. అక్కడి గుమాస్తా, “దీనికి అలవాటైతే మల్ల యాడా నిద్రవట్టది” అని చెప్పాడు. సరుకు అమ్ముడుపోక చెప్పే మాటలు లెమ్మని లేచి వచ్చేశాను. (ఆ మాట దగ్గర ఇంకొంచెం సేపు ఆగి ఉంటే నాకు చెప్పుకోవడానికి ఈ కథే ఉండేది కాదు.)

మూడోది కోటగోడ నీడలో ఒక పాతకాలపు మేడ. ఎవరో జాగీర్దారు కట్టించుకున్నదట. గోడలు ఎంత మందమంటే కిటికీ గూట్లో మనిషి కాళ్లు చాపి పడుకోవచ్చు. పైన టేకు దూలాలు, కింద చల్లని బండలు. లోపలికి అడుగుపెడితే బజారు చప్పుడు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. దాన్ని నడిపే ముసలాయనను అందరూ చాచా అనేవాళ్లు. మంచం మీద పడుకుని ఊపిరి బిగబట్టి వింటున్న నన్ను ఆయన తలుపు దగ్గర నిలబడి చూశాడు. “క్యా బాబు, దిగెటోళ్లు మనుషులేనా, పసిపిల్లలా?” అన్నాడు. ఇదే లాడ్జి అని నేను ఖాయం చేశాను.

ఖాయం చేసి ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే నేను నేనెట్లా అవుతాను? ఫ్యాను కిర్రుమంటోందని నూనె పోయించాను. తలుపు బందులకు ఆముదం రాశాను. పక్క ఇంటి కోడిపుంజు తెల్లవారుజామున కూస్తుందని తెలిసి, ఆ ఇల్లాలిని బతిమాలి, దాన్ని గంప కింద పెట్టి రెండు వీధుల అవతల మా దుకాణం గోడౌన్‌లో విడిది ఇప్పించాను. వెనక వీధిలో పొణికి కర్రతో బొమ్మలు చేసేవాళ్లున్నారు. పొద్దున్నే ఉలితో చెక్కడం మొదలుపెడతారు. వాళ్ల దగ్గరికీ వెళ్లి, మా అక్క చూపులని విషయం చెప్పాను. వాళ్లలో పెద్దాయన నా ముఖం కాసేపు చూసి, రేపు పొద్దున చెక్కుడు ఆపి, రంగులు మాత్రమే వేసుకుంటామని మాటిచ్చాడు. చివరికి చాచా హాల్లో గోడగడియారం మిగిలింది. అది టిక్కుటిక్కుమనడమే కాక గంటలు కూడా కొడుతుంది. దాన్ని ఆపమంటే చాచాకు బాధ కలిగింది, తన అబ్బాజాన్ కాలం నుంచి ఆగలేదట. అయినా పెళ్లి మాట అనేసరికి కుర్చీ ఎక్కి లోలకం పట్టుకుని ఆపాడు. పెళ్లికొడుకు వాళ్లను సాయంత్రం ఆ గదుల్లో దింపి వెళ్తూ, నిర్మల్ మొత్తానికి దుప్పటి కప్పి జోకొట్టి వచ్చినంత గర్వపడ్డాను.

పొద్దున్నే ఫ్లాస్కులో చాయ పట్టుకుని వెళ్తే నలుగురూ వరండాలో వరసగా కూర్చుని ఉన్నారు. పిల్లగాడి తండ్రి కళ్లు మోదుగుపూలు. తల్లి కొంగు నెత్తి చుట్టూ బిగించి కట్టుకుంది. మేనమామ స్తంభాన్ని ఆనుకుని, స్తంభమే తనను ఆనుకుందన్నట్టు విసుగ్గా చూస్తున్నాడు. రాత్రి మంచిగా నిద్రపట్టిందా అని నోటిదాకా వచ్చిన మాట అక్కడే చచ్చింది. లాడ్జి మంచిగున్నదని తండ్రి మర్యాదకు అన్నాడు. తల్లి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్లు గనిని బాయి అంటారు.

“మా కాలనీ పక్కన్నే బాయి ఫ్యాన్ ఉంటది బిడ్డా. లోపట పనిచేసెటోళ్లకు గాలి పంపేది. రాత్రీ పగలూ మోగుతనే ఉంటది. అది బందైతే లోపట మనోళ్లకు ఏమైందో అని అందరం బాయికాడికి ఉరుకుతం. గీడ రాత్రి ఒక్క చప్పుడు లేకపాయె. కన్ను మూస్తె చాలు, ఫ్యాన్ బందైనట్టే అనిపిచ్చింది.”

నేను ఊరంతా తిరిగి ఒక్కొక్కటే ఆపిన చప్పుళ్లు, ఆ తల్లికి ఒక్కో భయమై రాత్రంతా పక్కన కూర్చున్నాయి. ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. ఆ ఫ్యాన్ చూసుకునే డ్యూటీ తన కొడుకుదేనట. కాలనీ అంతా ఆ చప్పుడుకు పడుకుంటే, ఆ చప్పుడు వింటూ మేలుకొని ఉండటం అతని పనట. ఆ పిల్లగాడు హాల్లో ఆగిపోయిన గడియారాన్ని, నా ముఖాన్ని మార్చిమార్చి చూసి, తల వంచుకుని నవ్వాపుకున్నాడు. సంగతి అతనికి అర్థమైపోయింది.

బోథ్ బస్సులో వాళ్లు ఘాట్ రోడ్డు మలుపులకు ఒకరి మీద ఒకరు పడుతూ, కళ్లు మూతలు పడుతుంటే తెరుచుకుంటూ వచ్చారు. నేను వెనక సీట్లో కూర్చుని మా బర్రె గురించి దిగులుపడ్డాను. ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, ముందు గదిలో కుర్చీల్లో కూర్చున్నారు. బాపు పత్తి గురించి, వాన గురించి మాట్లాడుతున్నాడు. అంతలో కరెంటు వచ్చింది. కరెంటు వచ్చిందంటే మా పక్కింట్లో పిండి పట్టే గిర్ని మొదలైనట్టే. దడదడమని గోడ అదిరింది. ఈసారి మీ వైపు వానలెట్లా అని బాపు అడిగిన మాటకు ఆ పెద్దమనిషి గురకతో జవాబిచ్చాడు. చూస్తుండగానే ఆ తల్లి తల గోడకు వాలింది, మేనమామ గడ్డం ఛాతీ మీదికి జారింది. బాపు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. గిర్ని ఆపించడానికి వంటింటి గుండా పరుగెత్తబోయాను. చాయ కప్పులతో అక్క ఎదురొచ్చింది. నా భుజం మీదుగా ముందు గదిలోకి ఒకసారి చూసింది.

“ఏడికి ఉరుకుతున్నవ్? నిద్రపుచ్చుమంటిని, పుచ్చినవ్. ఇగ గిర్ని నడువనియ్యి.”

ఆ గదిలో మెలకువగా ఉన్నది పిల్లగాడొక్కడే. ఆ చప్పుడు మొదలైతే అతనికి డ్యూటీ ఎక్కినట్టే కదా. లేచి ఎదురొచ్చి, కప్పులు చప్పుడు కాకుండా పళ్లెం తను అందుకున్నాడు. చూపులంటే తల వంచుకుని పేరు చెప్పి లోపలికి పోవడమే అయిన ఆ రోజుల్లో, మా అక్క అతని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో గిర్ని మాకు విననివ్వలేదు. అక్క ఒకసారి నవ్వడం మాత్రం చూశాను. అద్దం ముందు నిలబడటం మొదలుపెట్టాక ఆమె అట్లా నవ్వగా నేను చూళ్లేదు. బాపు ఏం చేయాలో తోచక కాసేపు అటూ ఇటూ చూసి, తనూ కళ్లు మూసుకున్నాడు. (నిజంగా నిద్రొచ్చిందనే ఆయన చివరిదాకా వాదించాడు.)

గిర్ని ఆగగానే ముగ్గురూ ఒక్కసారి ఉలిక్కిపడి లేచారు. ఆ పెద్దమనిషి చుట్టూ చూసి, తను ఎక్కడున్నాడో తెలుసుకుని, భార్య ముఖం చూశాడు. పట్టింపు గుర్తొచ్చింది కాబోలు, మీసం సర్దుకున్నాడు.

“మాట ఖాయం కాకముందే పిల్లోళ్లింట్ల నిద్రవోతిమి. ఇగ ఖాయం చేసుకోక తప్పుతదా?”

అందరూ అక్క వైపు చూశారు. అక్క ఈసారి ‘చూద్దాం’ అనలేదు. చాయ చల్లారిందని, మళ్లీ పెట్టుకొస్తానని లోపలికి పోయింది. ఆ చాయలో చక్కెర ఎక్కువైందని కూడా ఎవరూ అనలేదు.

తర్వాత అక్క ఆ కాలనీలోనే కాపురం చేసింది, ఇద్దరు పిల్లల్ని ఆ ఫ్యాన్ చప్పుడులోనే పెంచింది. బొగ్గు అయిపోయి ఆ బాయి మూతపడిన రోజు ఫ్యాన్ ఆపింది బావే. ఆ వారమంతా కాలనీలో ఎవరికీ నిద్ర లేదని అక్క ఫోన్లో చెప్పింది.

మొన్న ఒక పెళ్లికి అక్క, బావ, నేను నిర్మల్ వెళ్లాం. హోటల్ చూసే పని మళ్లీ నాకే పడింది. చాచా మేడ లేదు, ఆ వీధిలోనే అద్దాల హోటల్ ఒకటి లేచింది. కౌంటర్లో కుర్రాడు వెనకవైపు గది ఇస్తానన్నాడు, చీమ చిటుక్కుమన్నా వినపడదట. వద్దు, జనరేటర్ పక్కన ఏదైనా ఉందా అని అడిగాను. అచ్చం చాచా చూసినట్టే చూశాడు. భోజనాలయ్యాక మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటర్ మొదలైంది. అక్క క్షణంలో నిద్రపోయింది. కాసేపటికి బావ గురక కూడా వినిపించింది. ఉద్యోగమంతా ఆ మోతకు మేలుకొని ఉన్న మనిషి, ఇన్నాళ్లకు డ్యూటీ దిగాడు. ఒకప్పుడు ఊరంతా తిరిగి గడియారంతో సహా చప్పుళ్లన్నీ ఆపించినవాణ్ణి, ఇప్పుడు ఎక్కడ కరెంటు వచ్చి జనరేటర్ ఆగిపోతుందోనని వాళ్ల గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను.