గోడకు అతికించిన దేవుడు

మీ ప్రహరీగోడ దగ్గర ఎవరూ మూత్రం పోయకూడదని దేవుళ్ల బొమ్మలున్న టైల్స్ అతికించబోతున్నారా? అయితే, ఆ పని మీకంటే ముందు చేసినవాణ్ని నేను. నిన్న మణికొండలోని మా అపార్ట్‌మెంటు సంఘంవాళ్లు సరిగ్గా అలాంటి టైల్స్ కోసమే నా సంతకం అడిగారు. పెట్టలేకపోయాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆదివారం వస్తే చాలు, పాత సైకిలెక్కి ఏ దారి కనిపిస్తే ఆ దారిన పోయేవాణ్ని. అప్పటికి అద్దాల మేడలు అక్కడొకటి ఇక్కడొకటి లేస్తున్నాయే గాని, గోపన్‌పల్లి దాకా బండరాళ్లూ, సీతాఫలం పొదలూ, వాటి మధ్య కూలీల రేకుల ఇళ్లూ ఉండేవి. అక్కడే, మేకలు పడుకునే ఒక పాత పంచాయతీ గది నా కంటపడింది. సభల్లో సంస్కరణ గురించి గొంతు చించుకునేవాణ్ని కదా, చేతనైతే ఇక్కడ చేసి చూపించు అని నాకు నేనే సవాలు విసురుకున్నాను. ఊరిపెద్దను బతిమాలి తాళం సంపాదించి, సైకిలు వెనక పత్రికలూ పలకలూ కట్టుకుపోయి, మా బావమరిదిని తోడు పెట్టుకుని సాయంత్రపు బడి తెరిచాను.

గది పక్కనే చాయ్ బండి నడిపే పాలమూరు అక్క అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. ఆమె కోరిక ఒక్కటే: “బస్సు బోర్డు నేనే సదువుకోవాలె సారూ. అడిగితే నవ్వుతుండ్రు.” అక్షరాలు దాటి క గుణింతం దాకా వచ్చింది.

ఇంతలో, పని దిగిన మేస్త్రీలూ కూలీలూ మా కిటికీ కింది గోడనే మరుగుగా చేసుకున్నారు. కంపు భరించలేక బడికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. అప్పుడు మా బావమరిది నవ్వుతూ, “ఉపన్యాసాలకు ఆగరండి బావగారూ, నాలుగు దేవుడి టైల్స్ కొట్టించండి. మీ నాస్తికత్వానికేం కాదులెండి, అతికించేది గోడకే,” అన్నాడు. దేవుడు లేడని ఊరూరా వాదించిన నేను, ఆయన్ని జీతంలేని కాపలాదారుగా పెట్టుకున్నాను.

మర్నాటికి గోడ శుభ్రం. నా తెలివికి నేనే మురిసిపోయాను. వారం తిరిగేసరికి టైల్స్‌కి కుంకుమ, ఆపైన కొబ్బరికాయలు, దీపం, ఇనుప కటకటాలు, చివరికి రేకుల కప్పు, దానికో కమిటీ. పూజసామాన్లు మా గదిలోకి వచ్చాయి, పలకలు మూలకు చేరాయి. నేను అడ్డుచెబితే ఊరిపెద్ద, “దేవుణ్ని తెచ్చింది నువ్వే గదా సారూ, ఇగ పొమ్మంటే యెట్ల?” అన్నాడు. వాదంలో ఓడిపోవడం ఎరగని నేను ఆ రోజు ఓడిపోయాను.

నెలసరి రోజుల్లో ఆడవాళ్లు మా గది గడప తొక్కరాదని కమిటీ కట్టడి చేసింది. అక్క పలక తెచ్చి నా చేతిలో పెట్టి, “నెలకు నాలుగు దినాలు రావద్దంటుండ్రు. నాలుగు దినాలు పోతే నేర్చింది మరుస్త. ఇగ వద్దుతియ్యి సారూ,” అంది. ఆ సాయంత్రమే మరొకటి చూశాను. గోడ దగ్గర మానేసిన కూలీలు, అందుకు అక్క ఇంటి వెనక్కి మళ్లారు. అన్ని సందులూ సైకిలు మీద తిరిగినవాణ్ని, వాళ్లకు ఒక మరుగుదొడ్డి అయినా ఉందా అని ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు ఆ గది లేదు, గుడి మాత్రం పెరిగింది. నార్సింగి వైపు సైకిళ్లకు పైకప్పుతో సహా నున్నటి బాట వేశారు. దాని మీద ఖరీదైన సైకిళ్లు బయల్దేరిన చోటికే తిరిగి వస్తాయి, ఏ బస్తీలోకీ మళ్లవు. వాదించి గెలవగలమన్న నమ్మకం నాలో ఏనాడో చచ్చిపోయింది. కిందటి వారం బస్‌స్టాపులో, జుట్టు నెరిసిన ఒకామె నా చొక్కా పట్టి లాగింది. “సారూ, జర చెప్పు, గీ బస్సు యాడికి పోతది?” నన్ను ఆమె గుర్తుపట్టలేదు. నేను గుర్తుపట్టాను. బోర్డు చదివి చెప్పాను.

ఆ టైల్స్ డబ్బా ఇంకా విప్పలేదు కదా? విప్పకండి. రేపు పొద్దున సైకిలెక్కి మీ గోడ అవతలికి వెళ్లండి. అక్కడ పనిచేసేవాళ్లు ఎక్కడికి పోతున్నారో వాళ్లనే అడగండి. ముందు వాళ్లకు ఒక మరుగుదొడ్డి కట్టించండి.