అమ్మ చేతుల కారం

పక్కింట్లో ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. ఆ ఘాటుకు దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకుంటుంటే మా సుశీల మేడం గుర్తొచ్చారు. అరవైల మొదట్లో, గుంటూరు ట్రైనింగ్ కాలేజీలో ఆవిడ మాకు మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. సుద్దముక్క చేతిలో ఉంటుందే గానీ బోర్డు మీద ఒక్క అక్షరం రాసేవారు కాదు.

పసితనంలో ఎత్తుకున్న చేతులే, ఎవరిని నమ్మాలో ఎవరిని చూసి జంకాలో మనిషికి జీవితాంతం నేర్పుతాయని ఒకరోజు మనోవిశ్లేషణ పాఠంలో అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా అమ్మ నన్ను ఎత్తుకున్నదే లేదు, అమ్మమ్మే పెంచింది, నాకేం లోటొచ్చిందని లేచి అడిగేశాను. ఆవిడ దగ్గరికొచ్చి మెల్లగా నా భుజం మీద చెయ్యి వేశారు. నిప్పు తగిలినట్టు వెనక్కి గుంజుకున్నాను. క్లాసంతా నన్నే చూస్తోంది. అందరికంటే ఎక్కువ నిర్ఘాంతపోయింది నేనే.

క్లాసయ్యాక, మీ అమ్మ ఏం పని చేస్తారని అడిగారు. సత్తెనపల్లి దగ్గర మిరప కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరుతుందని చెప్పాను.

"అయితే నువ్వు అడగాల్సింది నన్ను కాదమ్మా."

దసరా సెలవులకు వెళ్ళి, నన్నెందుకు ఎత్తుకోలేదని అమ్మనే అడిగాను.

"నీకు ఆర్నెల్లప్పుడు కల్లం నుంచొచ్చి నిన్నెత్తుకున్నానే. చేతులు కడుక్కునే ఎత్తుకున్నా. అయినా నీ కళ్ళకి కారం తగిలింది. గుక్కపట్టి నల్లబడిపోయావు. చచ్చిపోయావనుకున్నా. ఇంక నిన్ను ముట్టుకోవాలంటే చేతులు రాలా."

ఇన్నేళ్ళూ నేనంటే గిట్టదనుకున్నాను. ఆమె ఒళ్ళో తల పెట్టాను. అమ్మ రెండు చేతులూ పైకెత్తేసింది. కల్లాల పని ఎండాకాలంలోనే అయిపోయింది, ఆ చేతులకు కారమే లేదు.

అదంతా మేడంకు చెప్పి, అమ్మకు నామీద ప్రేమేనని తేలింది కదా, ఇక ఎవరైనా ముట్టుకుంటే జంకే ఆ భయం పోయినట్టేనా అని ఆశగా అడిగాను.

"పసిబిడ్డకు కారణం తెలియదమ్మా. చెయ్యి రాలేదన్నదొక్కటే తెలుస్తుంది" అన్నారు. ఆవిడ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఇదేం మనిషి, ఓ మంచిమాట చెబితే ఏం పోయిందనుకున్నాను.

కొన్నేళ్ళకు నాకు కూతురు పుట్టింది. నర్సు బిడ్డను అందించబోతే నా చేతులు వెనక్కి పోయాయి. నేను పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ కల్లంలోకి దిగినదాన్ని కాదు. అయినా బిడ్డను తీసుకున్నాను.

ఇప్పటికీ ఎవరి బిడ్డనైనా ఎత్తుకోబోయే ముందు నా చేతులకేసి ఒకసారి చూసుకుంటాను.